పదహారు - పన్నెండు దగ్గరే చేజారిన కప్పు

కొత్తగా చదివేవారి కోసం మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను. మీరు చదువు కోసం బ్రిస్బేన్ వచ్చి ఏడాది దాటింది. పనిచేసే చోట అందరూ ఈ ఊరి జట్టు బ్రాంకోస్ అభిమానులు కావడంతో మీకూ రగ్బీ లీగ్ మీద మనసు పడింది. ఈ మధ్య 2015 గ్రాండ్ ఫైనల్ (ఆ ఏడాది కప్పు తేల్చిన చివరి మ్యాచ్) వీడియో మొత్తం చూశారు. "మన బెన్ హంట్ ఆ బంతిని పట్టుకుని ఉంటే కప్పు మనదేనా? ఒక్క పాయింటుతో పోయిన ఫైనల్‌ను పాత అభిమానులు ఎలా దిగమింగారు?" అని అడిగారు.

నేను 2004లో ఈ ఊరు వచ్చాను. 2006లో మెల్‌బోర్న్ స్టార్మ్‌ను 15-8తో ఓడించి కప్పు గెలిచిన రాత్రి నుంచి బ్రాంకోస్ నా జట్టు. మిల్టన్‌లోని సన్‌కార్ప్ స్టేడియంలో ఎండలోనూ వానలోనూ కూర్చుని చూసిన మ్యాచ్‌లు చాలా ఉన్నాయి. మీరు అడిగిన ఫైనల్‌ను మాత్రం మొదటి రెండేళ్లు మళ్లీ చూడలేకపోయాను. ఆ తర్వాత కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చాలాసార్లు చూశాను. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: హంట్ చేతిలోంచి బంతి జారేసరికే మనం కప్పును సగం వదిలేసుకున్నాం. అది పోయింది 16-12 దగ్గర. అందరూ చివరి అయిదు నిమిషాలే చూపిస్తారు కాబట్టి ఆ సంగతి కనిపించదు.

ముందు ఆ రోజు పరిస్థితి. 2015 అక్టోబర్ 4, ఆదివారం, సిడ్నీ ఒలింపిక్ స్టేడియం. 82,758 మంది ప్రేక్షకులు. సిడ్నీలో జరిగిన ఫైనలే అయినా ఆడిన రెండు జట్లూ మన క్వీన్స్‌లాండ్ రాష్ట్రానివే. అలా జరగడం అదే మొదటిసారి. ఒకవైపు బ్రాంకోస్: అంతవరకు ఆడిన ఆరు గ్రాండ్ ఫైనళ్లలో ఆరూ గెలిచిన జట్టు, ఆ ఆరింటికీ శిక్షకుడైన వేన్ బెనెట్ ఆ ఏడాదే తిరిగి వచ్చాడు. కెప్టెన్ జస్టిన్ హాడ్జెస్‌కు అది చివరి మ్యాచ్. మరోవైపు టౌన్స్‌విల్ నుంచి వచ్చిన నార్త్ క్వీన్స్‌లాండ్ కౌబాయ్స్: 1995లో పుట్టిన జట్టు, ఇరవై ఏళ్లలో ఒక్క కప్పూ లేదు. 2005లో ఒకసారి ఫైనల్ చేరి వెస్ట్స్ టైగర్స్ చేతిలో ఓడింది. మూడు వారాల ముందే ఈ రెండు జట్లూ బ్రిస్బేన్‌లో తలపడ్డాయి. ఆ మ్యాచ్‌లో మనమే గెలిచాం. స్కోరు 16-12. ఈ అంకెల్ని గుర్తుపెట్టుకోండి.

మొదటి అర్ధభాగం గురించి ఎక్కువ చెప్పను. మన కోరీ పార్కర్ పెనాల్టీ గోల్‌తో ఖాతా తెరిచాడు. కోరీ ఓట్స్ ట్రై చేశాడు (ఎదుటివాళ్ల గీత దాటి బంతిని నేలకు తాకించడమే ట్రై), 8-0 అయింది. కౌబాయ్స్ తరఫున జస్టిన్ ఓనీల్, జేమ్స్ టామూ బదులు తీర్చారు. జాక్ రీడ్ ట్రైతో మనం మళ్లీ ముందుకు వచ్చాం. విరామానికి 14-12. విరామం అయిన కొద్దిసేపటికే పార్కర్ ఇంకో పెనాల్టీ గోల్ కొట్టాడు. 16-12.

అక్కడి నుంచి ముప్పై అయిదు నిమిషాలకు పైగా ఏ జట్టూ ఒక్క పాయింటు చేయలేదు. మీరు మళ్లీ చూడవలసింది ఈ భాగం.

ఈ ఆటలో ఆధిక్యాన్ని ఎలా లెక్కపెట్టాలో కొత్తవారికి ఎవరూ విడమరచి చెప్పరు. ట్రైకి నాలుగు, దాని తర్వాతి కన్వర్షన్‌కు రెండు, పెనాల్టీ గోల్‌కు రెండు, ఆడుతూ ఆడుతూ బంతిని నేలకు తాకించి తన్నే ఫీల్డ్ గోల్‌కు అప్పట్లో ఒకటి. ఇది మీకు తెలుసు. ఇప్పుడు నాలుగు పాయింట్ల ఆధిక్యంలో ఉన్న జట్టు స్థానంలో నిలబడి చూడండి. ఎదుటి జట్టు ఒక ట్రై చేస్తే సమం. ఆ కన్వర్షన్ పడితే ఓటమి. అంటే మైదానంలో ఎక్కడ ట్రై చేసినా ప్రమాదమే. అదే ఆధిక్యం అయిదు అనుకోండి. ట్రై ఒక్కటే వాళ్లకు చాలదు, కన్వర్షన్ తప్పనిసరిగా పడాలి. కన్వర్షన్‌ను ట్రై చేసిన చోటికి ఎదురుగా వెనక్కి వెళ్లి తన్నాలి. గోల్ స్తంభాల దగ్గర ట్రై చేస్తే అది చాలా తేలిక. మూలలో చేస్తే పక్కగీత దగ్గర నుంచి తన్నాలి. అందుకే అయిదు పాయింట్లు ముందున్న జట్టు మధ్యలో గోడ కట్టి, దాడిని మూలలకు తరమగలదు. నాలుగు ముందున్న జట్టుకు ఆ వెసులుబాటు లేదు.

ఆ రాత్రి కౌబాయ్స్ చివరి ట్రై ఎక్కడ చేశారు? కుడి మూలలో. కన్వర్షన్ పడిందా? పడలేదు. అంటే ఆ ముప్పై అయిదు నిమిషాల్లో ఎప్పుడైనా ఒక్క ఫీల్డ్ గోల్ మనవాళ్లు సంపాదించి ఉంటే, సైరన్ తర్వాత స్కోరు 17-16. గెలుపు మనది. రికార్డుల్లో ఉన్నదీ అవే అంకెలు, జట్ల పేర్లే తారుమారు.

ఇలా అంకెలు మార్చి చదవడంలో ఒక చిక్కుందని నాకు తెలుసు. స్కోరు 17-12 అయి ఉంటే కౌబాయ్స్ మరోలా ఆడేవారు, ఇంకాస్త ముందుగా తెగించేవారు. జరగని మ్యాచ్‌ను ఎవరూ గెలవలేరు. కానీ ఫైనల్‌లో నాలుగు పాయింట్ల ఆధిక్యాన్ని అంతసేపు కాపాడుకుంటూ కూర్చోవడం ఎంత ప్రమాదమో ఆ రాత్రి తెలిసింది. మూడు వారాల ముందు అదే స్కోరుతో గెలిచాం, అదే మళ్లీ సరిపోతుందనే నమ్మకం జట్టులో ఉందో లేదో నేను చెప్పలేను. మా ఇంట్లో టీవీ ముందు కూర్చున్న నాలో మాత్రం ఉంది.

మనవాళ్ల రక్షణ గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఓటమి గురించి మాట్లాడేటప్పుడు దాన్ని ఎవరూ తలచుకోరు. కబడ్డీ ఆడినవారికి ఇది త్వరగా అర్థమవుతుంది. రైడర్‌ను ఒకసారి పట్టడం బలం. పట్టి, లేచి, పది మీటర్లు వెనక్కి పరుగెత్తి, వరుసలో నిలబడి, మళ్లీ పట్టడం, ఇదంతా ఎనభై నిమిషాల పాటు వంద కిలోల మనుషులను. జొనాథన్ థర్స్టన్ లాంటి హాఫ్‌బ్యాక్ (దాడిని నడిపించేవాడు) ఎదురుగా ఉండి, ప్రతి సెట్‌లోనూ, అంటే బంతి పట్టినవాణ్ని ఆరుసార్లు పడగొట్టేదాకా (ఆరు టాకిళ్లు) సాగే దాడిలో, ఒక్క అడుగు తప్పు కోసం చూస్తుంటే, రెండో అర్ధభాగంలో చివరి దాడి వరకు గీత దాటనివ్వలేదు. పార్కర్, హాడ్జెస్ తరం మనుషులు ఆ రాత్రి చేసిన శ్రమను ఒక పట్టు తప్పిన బంతి కింద పాతిపెట్టడం నాకు ఇప్పటికీ కష్టంగా ఉంటుంది.

ఇక చివరి దాడి. గడియారం అయిపోతోంది. థర్స్టన్ తనను చుట్టుముట్టిన మనవాళ్ల నుంచి తప్పించుకుని కుడివైపు మైకేల్ మోర్గాన్‌కు బంతి అందించాడు. మోర్గాన్ నేరుగా గీత వైపు దూసుకొచ్చి, మనవాళ్లు తన మీద పడేదాకా ఆగి, బంతిని పక్కనున్న కైల్ ఫెల్ట్‌కు మణికట్టుతో విసిరాడు. ఫెల్ట్ మూలలో వాలాడు. సైరన్ మోగినా బంతి ఆటలో ఉన్నంతవరకు ఆట కొనసాగుతుంది, కాబట్టి ట్రై చెల్లింది. 16-16. ఆ పాస్ లాంటిది నేను ఫైనళ్లలో మరొకటి చూడలేదు. మన గుండె పగిలినా ఆ మాట ఒప్పుకోవాలి. మోర్గాన్ అర క్షణం ముందు ఇచ్చి ఉంటే మన వింగర్ అందుకునేవాడు, అర క్షణం ఆలస్యమైతే మోర్గాన్ నేలమీద ఉండేవాడు.

తర్వాత కన్వర్షన్. పక్కగీత దగ్గర థర్స్టన్ ఒక్కడూ. పడితే అక్కడితో అంతా ముగిసేది. బంతి వంపు తిరుగుతూ వెళ్లి గోల్ స్తంభానికి తగిలి పక్కకు పడిపోయింది. మీరు వీడియోలో ఫలితం తెలిసి చూశారు. మేము తెలియక చూశాం. ఆ స్తంభం మాకు మళ్లీ ఊపిరి పోసింది. ఇన్నేళ్ల తర్వాత ఆలోచిస్తే, ఆ రాత్రి బాధ అంత లోతుగా దిగడానికి ఆ రెండు మూడు నిమిషాల ఆశే కారణం. చేతికందినది నోటికందలేదని మన పెద్దలు అంటారే, అది రెండుసార్లు జరిగింది మాకు.

ఇప్పుడు మీరు అడిగిన బంతి. స్కోరు సమం కావడంతో ఆట గోల్డెన్ పాయింట్‌కు వెళ్లింది, అంటే ముందుగా ఎవరు ఏ పాయింటు చేసినా వాళ్లదే గెలుపు. ఆరంభపు తన్ను అందుకునే జట్టుకు అందులో మొగ్గు ఎక్కువ: ఆరు టాకిళ్లు ముందుగా వాళ్ల చేతిలో ఉంటాయి, బాగా ముందుకు సాగితే ఫీల్డ్ గోల్‌కు ప్రయత్నించవచ్చు, లేకపోతే ఎదుటివాళ్లను దూరంగా తరిమేలా తన్నవచ్చు. ఆ మొగ్గు మనకు దక్కింది. కౌబాయ్స్ తన్నిన బంతి హంట్ దగ్గరికి వచ్చింది. చేతుల్లోంచి ముందుకు జారింది. నాక్-ఆన్ అనే తప్పు అది. స్క్రమ్ వాళ్లది, అంటే బంతి వాళ్లకు, అదీ మన గీతకు దగ్గరలో. మొగ్గు ఒక్క క్షణంలో పూర్తిగా తలకిందులైంది. కొన్ని టాకిళ్ల తర్వాత 83వ నిమిషంలో థర్స్టన్ ఫీల్డ్ గోల్ కొట్టాడు. 17-16. కౌబాయ్స్ చరిత్రలో మొదటి కప్పు, బ్రాంకోస్ చరిత్రలో మొదటి గ్రాండ్ ఫైనల్ ఓటమి.

హంట్ పట్టుకుని ఉంటే మనమే గెలిచేవాళ్లమా? గెలిచే అవకాశం పెరిగేది, అంతే. ఎదురుగా థర్స్టన్ ఉన్నాడు, ఆ ఏడాది అత్యుత్తమ ఆటగాడిగా నాలుగోసారి డాలీ ఎమ్ పతకం అందుకున్న మనిషి, ఆ రాత్రి ఫైనల్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే క్లైవ్ చర్చిల్ పతకం కూడా అతనిదే. అతనికి ఇంకో అవకాశం దొరకదని నేను చెప్పను. హంట్ వయసు అప్పుడు 25. ఎనభై నిమిషాలు ఒళ్లు హూనమయ్యాక, గెలిచామనుకున్న మ్యాచ్ సైరన్ తర్వాత చేజారాక, స్తంభం దయతో మళ్లీ బతికాక, దీపాల వెలుగులోంచి దిగివస్తున్న బంతి అది. 1999 ప్రపంచకప్‌లో స్టీవ్ వా క్యాచ్‌ను గిబ్స్ వదిలేసిన సంగతి మన క్రికెట్ అభిమానులందరికీ గుర్తే. ఆ తర్వాత దక్షిణాఫ్రికా టోర్నీ నుంచి వెళ్లిపోవడానికి ఎన్ని కారణాలున్నా, మనుషులు ఆ చేతినే గుర్తుపెట్టుకున్నారు. హంట్‌కూ అదే జరిగింది. అది అన్యాయమని నేను ఆ వారమే ఇక్కడి స్నేహితులతో వాదించాను, ఇప్పుడూ అదే అంటాను.

నియమం గురించి. అంతటి మ్యాచ్‌ను ఒక్క పాయింటుకు, ఎవరు ముందు చేస్తే వాళ్లకు అప్పగించడం సరికాదన్నది చాలామంది మాట. ఆ తర్వాతి సంవత్సరం నుంచి ఫైనల్స్ మ్యాచ్‌లకు దాన్ని మార్చారు: ముందు అయిదేసి నిమిషాల చొప్పున రెండు భాగాలు పూర్తిగా ఆడాలి, అప్పటికీ సమమైతేనే గోల్డెన్ పాయింట్. 2019 క్రికెట్ ప్రపంచకప్ ఫైనల్‌ను బౌండరీల లెక్కతో తేల్చాక ఆ నియమాన్ని తీసేసినట్టే ఇదీ. న్యూజీలాండ్ అభిమానుల కడుపుమంట నాకు అందుకే బాగా అర్థమవుతుంది. కానీ నియమాన్ని నిందించి మన ఓటమిని తక్కువ చేయాలని నాకు లేదు. మ్యాచ్ మొదలయ్యేటప్పుడు ఆ నియమం రెండు జట్లకూ తెలుసు.

ఎలా దిగమింగామని అడిగారు కదా. నా సంగతి చెబుతాను. మా వీధిలో ఎదురింటి పెద్దాయనది టౌన్స్‌విల్. ఇక్కడికి 1,300 కిలోమీటర్లకు పైనే దూరం. ఉద్యోగం కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయినా, జట్టును మాత్రం మార్చుకోలేదు. 2014లో కౌబాయ్స్ సిడ్నీ రూస్టర్స్‌తో ఆడుతూ 0-30 నుంచి 30-30కి వచ్చి, చివరికి 31-30తో ఓడిపోయారు. అందులో చివరి నిమిషాల్లో థర్స్టన్ చేసిన ట్రైని చెల్లదన్నారు. మరునాడు కంచె దగ్గర నిలబడి "వచ్చే ఏడాది చూసుకోండి" అన్నాను. ఓదార్పు మాటే, కానీ ఆయన ముఖం చూశాక అది ఎంత తేలిక మాటో అర్థమైంది.

2015 ఫైనల్‌ను ఆయన మా ఇంట్లోనే చూశారు. మా ఆవిడ పులిహోర చేసింది, ఆయన ఇంటి నుంచి ఏవో తెచ్చారు. ఫెల్ట్ ట్రై చేసినప్పుడు ఆయన లేచి నిలబడ్డారు, అరవలేదు. థర్స్టన్ ఫీల్డ్ గోల్ పడినప్పుడు రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. థర్స్టన్ తన చిన్నపాపను ఎత్తుకుని మైదానంలో కూర్చున్న దృశ్యం టీవీలో వస్తుండగా నా భుజం మీద చెయ్యి వేసి, "మంచి మ్యాచ్" అన్నారు. నేను ఏమీ అనలేకపోయాను. మా ఆవిడకు కృతజ్ఞతలు చెప్పి వీధి దాటి వెళ్లి, తలుపు వేసుకున్నారు. ఆ తర్వాత ఆ ఇంట్లోంచి వచ్చిన కేక వీధంతా వినిపించింది. ఇరవై ఏళ్ల కేక అది. మా ఇంట్లో ఉన్నంతసేపూ దాన్ని నాకోసం ఆపుకున్నారు.

ఆ కేక విన్నాక నాలో ఏదో సర్దుకుంది. బాధ తగ్గలేదు, కోపం మాత్రం పోయింది. ఆ కప్పు ఎక్కడో తెలియని చోటికి పోలేదు, ఎదురింటికి వెళ్లింది. కౌబాయ్స్ శిక్షకుడు పాల్ గ్రీన్ 2022లో, యాభై ఏళ్లయినా నిండకుండానే చనిపోయారు. ఆ వార్త చెప్పుకోవడానికి పెద్దాయన మా ఇంటికే వచ్చారు. ఆ రోజు 2015 గురించి మేమిద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం, ఒకే జట్టువాళ్లలాగా.

2023 సంగతి కూడా మీరు విని ఉంటారు. పెన్రిత్ జట్టుతో ఫైనల్, మన ఎజ్రా మామ్ మూడు ట్రైలతో 24-8 ఆధిక్యం, ఇరవై నిమిషాల్లోపే వాళ్ల నేథన్ క్లియరీ ఆ మ్యాచ్‌ను మననుంచి లాక్కుని 26-24తో ముగించడం. ఈ రెండు ఓటముల్లో ఏది పెద్దదని నన్ను చాలామంది అడుగుతారు. నాకు సందేహం లేదు, 2015. 2023లో మనం పదహారు పాయింట్లు ముందుండి వరసగా మూడు ట్రైలు ఇచ్చాం. అది పాఠం నేర్చుకోవలసిన ఓటమి. ఏడు వారాలకు అహ్మదాబాద్‌లో భారత్ ప్రపంచకప్ ఫైనల్ ఓడేసరికి ఆ ఏడాది మా ఇంట్లో ఆటల ఊసే ఎత్తలేదు, అది వేరే సంగతి. 2015లో మాత్రం దాదాపు అంతా సరిగ్గా చేశాం. ఆ 'దాదాపు'ను అర్థం చేసుకోవడానికే నాకు ఇన్నేళ్లు పట్టింది.

హంట్ విషయానికి మళ్లీ వస్తాను. అతను 2018లో సెయింట్ జార్జ్ ఇల్లవారా జట్టుకు వెళ్లిపోయాడు. 2022 స్టేట్ ఆఫ్ ఆరిజిన్ (క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రాల మధ్య ఏటా జరిగే సిరీస్) చివరి మ్యాచ్‌లో, ఇదే సన్‌కార్ప్ స్టేడియంలో, క్లియరీ తన్నిన బంతిని ఎదురెళ్లి అందుకుని మైదానం పొడవునా పరుగెత్తి ట్రై చేసి క్వీన్స్‌లాండ్‌కు సిరీస్ ఖాయం చేశాడు. బంతి చేతిలో నిలిచి, అతను ఒంటరిగా పరుగెడుతున్నప్పుడు నా పక్కన కూర్చున్నవాళ్లు అరిచిన పేరు అతనిదే. 2025లో, 35 ఏళ్ల వయసులో, బ్రాంకోస్‌కు తిరిగి వచ్చాడు. ఆ ఏడాది అక్టోబర్ 5న, అదే స్టేడియంలో, విరామానికి 22-12తో వెనకబడిన మన జట్టు మెల్‌బోర్న్ స్టార్మ్‌ను 26-22తో ఓడించింది. పందొమ్మిదేళ్ల తర్వాత కప్పు. ఆ జట్టులో హంట్ ఉన్నాడు. 2015 ఫైనల్ జరిగిన సరిగ్గా పదేళ్ల ఒక రోజుకు. ఆ రాత్రి మా ఎదురింటి పెద్దాయన ఫోను చేసి అడిగిన మొదటి మాట, "హంట్ ఎలా ఉన్నాడు?" అని.

మీరు ఆ పాత ఫైనల్‌ను ఇంకోసారి చూసే ఓపిక ఉంటే, పార్కర్ రెండో పెనాల్టీ గోల్ దగ్గర మొదలుపెట్టండి. పక్కన కాగితం పెట్టుకుని, మనవాళ్లు వాళ్ల సగంలోకి వెళ్లిన ప్రతిసారీ చివరి టాకిల్‌కు ఏం చేశారో రాసుకోండి. ఎన్నిచోట్ల ఫీల్డ్ గోల్‌కు వీలుందని మీకు అనిపిస్తుందో లెక్కపెట్టండి. నా లెక్క ఇప్పుడే చెప్పను. మీ లెక్క ఇక్కడ రాస్తే, రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం.